దమ్మొస్తుందని నేను చెప్పలేదు

నాకు పన్నెండేళ్లప్పుడు మా అవ్వ, అంటే మా అమ్మ, నాకు పనిదొంగ అని పేరు పెట్టింది. ఒకసారి కోపంలో అని మరిచిపోయిన మాట కాదది. ఆ ఏడాది వానాకాలం నాట్లలో మొదలై, తర్వాత కలుపుకూ కోతకూ కట్టెలకూ నీళ్లకూ కూడా అదే పిలుపైంది.

మా ఊరు చిన్నకోడూరుకు దగ్గర. మాకు ఎకరంన్నర పొలం. నాకు పదేళ్లప్పుడే నాయిన పోయాడు. అవ్వ ఒక్కతే సేద్యం చేసేది. కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి నాట్లకు బదులు పోయేవాళ్లం. ఈరోజు మేం వాళ్ల పొలంలో నాటేస్తే, రేపు వాళ్లు వచ్చి మా పొలంలో నాటేస్తారు. అందరితో పాటు నేనూ వరుసలో వంగేదాన్ని. చేతిలోని నారుకట్ట సగం కూడా అయ్యేది కాదు, ఛాతీలో ఏదో అడ్డం పడ్డట్టయ్యేది. గాలి లోపలికి పోయేది గాని సరిపోయేది కాదు. నడుమెత్తి నిలబడేదాన్ని. అయినా తగ్గకపోతే ఒడ్డెక్కి కూర్చునేదాన్ని.

"నీ బిడ్డ అప్పుడే కూసున్నదే" అని ఎవరో ఒకరు అనేవాళ్లు. అవ్వ తల ఎత్తకుండానే అరిచేది.

"లెవ్వు పోరీ! ఇంతమందికి రాని దమ్ము నీకొక్కదానికే వస్తదా? పనిదొంగదానా!"

లేచేదాన్ని. అవ్వ చెప్పింది నిజమేనని నాక్కూడా అనిపించేది. అందరికీ లోపల ఇలాగే ఉంటుందేమో, వాళ్లు ఓర్చుకుంటున్నారు, నాకే ఓర్పు లేదు అనుకునేదాన్ని. ఇంకొకరి ఛాతీలో ఎలా ఉంటుందో పన్నెండేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? మెల్లగా ఆయాసాన్ని దాచుకోవడం నేర్చుకున్నాను. నీళ్ల బిందె దించి ఎదురొచ్చిన వాళ్లతో మాట కలిపేదాన్ని. కాల్లో ముల్లు గుచ్చుకుందని వంగేదాన్ని. కొంగు జారకపోయినా ఆగి బిగించుకునేదాన్ని. ఊపిరి కుదుటపడగానే మళ్లీ నడిచేదాన్ని.

పెళ్లయి సిద్దిపేటకు వచ్చాను. మా ఆయనకు బోరు మోటర్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. పెళ్లయిన కొన్నేళ్లకు నాకు అంగన్‌వాడీ టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఒక్కతే కూతురు. ఆ కాన్పప్పుడు ఆయాసం ఎక్కువై చాలా కష్టమైంది గాని, రక్తం తక్కువుందని చెప్పి మాత్రలిచ్చి పంపారు. సరేననుకున్నాను. నలభై నాలుగేళ్లు వచ్చేదాకా అలా సరేననుకుంటూనే గడిపాను.

ఒకరోజు పొద్దున అంగన్‌వాడీ కేంద్రంలో గుడ్ల ట్రేలు లోపలికి మోస్తూ గడప దగ్గరే కూలబడ్డాను. దగ్గితే గులాబీ రంగు కళ్లె పడింది. ఆయా భయపడి మా ఆయనకు ఫోన్ చేసింది. సిద్దిపేటలో గుండె డాక్టరు చాలాసేపు ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నాడు. ఆ తర్వాత స్కాన్ తీయించి, గుండెలో ఒక కవాటం బాగా సన్నబడిపోయిందనీ, దాన్ని మార్చాలనీ చెప్పాడు.

"చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా?" అని అడిగాడు.

నాకు సరిగ్గా గుర్తులేదు. అక్కడే కూర్చుని అవ్వకు ఫోన్ చేశాను.

"వచ్చింది" అంది అవ్వ. "నీకు పదకొండేండ్లు. ఓనాడు ఈ మోకాలు, మల్లొకనాడు ఆ మోకాలు. నెల దినాలు పండినవ్. ఊర్ల డాక్టరు సూదులు ఏసిండు, తగ్గింది. ఇప్పుడెందుకే గది?"

డాక్టరు చెప్పిందే నేను చెప్పాను. గొంతునొప్పితో మొదలయ్యే ఆ జ్వరం కీళ్లను కొన్ని రోజులు పట్టి వదిలేస్తుంది, గుండెను మాత్రం వదలదట. నా గుండె అప్పుడే దెబ్బతిన్నదట. నాకు ఆయాసం వచ్చింది అందుకేనట.

ఆమె ఉన్న చోట కోళ్లు అరవడం వినిపిస్తోంది. "ఇగ పెట్టేస్త" అని ఫోన్ పెట్టేసింది.

ఆపరేషన్ హైదరాబాదులో, వానాకాలంలో జరిగింది. దాని గురించి చెప్పడానికి నా దగ్గర ఎక్కువ లేదు. మత్తులోకి పోయాను, మత్తులోంచి వచ్చాను. నడుమ ఏం జరిగిందో నా ఒంటికే తెలుసు. లేచేసరికి రొమ్ము ఎముక మీద నిలువుగా కుట్లున్నాయి. లోపల లోహపు కవాటం ఉంది. గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అది టిక్కుటిక్కుమని బయటికే వినిపించేది. దగ్గు వస్తే దిండును ఛాతీకి గట్టిగా హత్తుకోమన్నారు. చేతులు పైకెత్తొద్దు, బరువు మోయొద్దు, పక్కకు తిరిగి పడుకోవద్దు అన్నారు. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఇచ్చి, గంటగంటకూ గొట్టంతో గాలి పీల్చి ఆ బంతుల్ని లేపమన్నారు.

మేం కిరాయికుండే ఇల్లు మేడ మీద. కింద ఇంటి యజమానురాలు ఒక్కతే ఉంటుంది. మిషను కుట్టుకుంటుంది. భర్త పోయి చాలా ఏళ్లయింది. మేం ఆమెను ఆపా అని పిలుస్తాం. హైదరాబాదు నుంచి వచ్చి కారు దిగగానే ఆపా గేటు దగ్గర నిలబడి ఉంది.

"పైకి పోవుడు లేదు" అంది మా ఆయనతో. "పద్దెనిమిది మెట్లున్నయ్. ఎట్లెక్కుతది? ముందటి అర్ర ఖాళీ చేసిన. మిషను వంటింట్ల పెట్టుకున్న. మంచమేసి దుప్పటి గూడ పరిచిన. పాణం మంచిగయ్యేదాంక ఈడనే ఉండుండ్రి."

మా ఆయన ఏదో అనబోయాడు. ఆపా అతని చేతిలోంచి సంచి తీసుకుని లోపలికి నడిచింది.

ఆ సాయంత్రమే అవ్వ వచ్చింది. చేతిలో బట్టల మూట, ఒక సంచిలో కొత్త బియ్యం. ఊళ్లో నాట్లు జోరుగా సాగుతున్న రోజులవి. కాలువ నీళ్లొచ్చాక అందరూ ఒక్కసారే దిగుతున్నారు, మనుషులు దొరకడం లేదు. నారు ముదిరిపోతుందని ముందు వారమే ఫోన్లో బాధపడింది.

"మరి నాట్లు?" అన్నాను.

"ఎవలో ఒకలు ఏస్తరు" అంది. గుమ్మంలో నిలబడే నన్ను చూసింది. దగ్గరికి రాలేదు. కాసేపటికి మంచం అంచున కూర్చుని, "లోపట ఏంది, సప్పుడైతుంది?" అంది.

"కొత్త కవాటం. అది మూసుకున్నప్పుడల్లా చప్పుడైతదట."

తల ఆడించింది. ఆ తర్వాత ఆ చప్పుడే వింటూ కూర్చుంది.

మొదటి రెండు వారాలు బాగానే గడిచాయి. కూతురు పది రోజులుండి, పరీక్షలున్నాయని వరంగల్లు హాస్టలుకు వెళ్లిపోయింది. అవ్వ ఉప్పు లేని పప్పు, జావ చేసి పెట్టేది. చేతులెత్తలేను కాబట్టి తల దువ్వేది. వాకిట్లో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నాతో పాటు నడిచేది. బంతులు ఒకటి తర్వాత రెండు లేచేవి. రెండో బంతి లేచిన రోజు ఆపా వంటింట్లోంచి మిషను ఆపి మరీ వచ్చి చూసింది.

మూడో వారంలో తేడా వచ్చింది. వెల్లకిలా పడుకుంటే గాలి ఆడేది కాదు. ఒక దిండుకు రెండు చేశాను, రెండుకు మూడు. స్నానాలగది నుంచి మంచం దాకా వచ్చేసరికి ఎక్కువ దూరం పరుగెత్తి వచ్చినట్టుండేది. రెండో బంతి లేవడం మానేసింది. మొదటిది కూడా కొద్దిగా కదిలి పడిపోయేది. ఎవరూ చూడకుండా డబ్బాను మంచం కిందికి తోశాను.

మా ఆయన దుకాణం నుంచి వచ్చి, "ఎట్లుంది?" అని అడిగేవాడు.

"మంచిగనే ఉన్న."

"మొకం గుంజుకపోయింది?"

"నీరసం. తగ్గుతది."

ఎందుకు చెప్పలేదని తర్వాత అందరూ అడిగారు. ఆసుపత్రి అంటే భయం లేకపోలేదు. ఇంత పెద్ద ఆపరేషన్ చేయించినా ఇంకా ఆయాసమేనా అని మా ఆయన ముఖం వాడిపోతుందన్న జంకూ ఉంది. కాని అసలు సంగతి అవి కావు. ముప్పై ఏళ్లుగా నేను దాచుకుంటూ వచ్చాను. ఎవరైనా అడగగానే 'ఏం లేదు' అన్న మాట దానంతటదే నోట్లోంచి వచ్చేది. పైగా ఎప్పుడూ పక్కన అవ్వ ఉండేది. దమ్మొస్తుంది అన్న మాట అవ్వ ముందు అనాలంటే నాకు నోరు పెగిలేది కాదు. పెద్దదాన్నయ్యాను, నాకే ఇంత కూతురుంది, జబ్బేమిటో కాగితాల మీద రాసి ఉంది, అయినా పెగిలేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం. బయట ముసురు పట్టింది. అవ్వ నాకు వీపు పెట్టి గుమ్మంలో కూర్చుని తోటకూర తెంపుతోంది. నేను మూడు దిండ్లకు ఆనుకుని కూతురితో ఫోన్లో మాట్లాడుతున్నాను. పరీక్ష ఎలా రాశావు, తిన్నావా అని ఏవో మాటలు. ఫోన్ పెట్టేశాక అవ్వ తిరక్కుండానే అంది.

"నువ్వు మాట తెంపి తెంపి మాట్లాడుతున్నవ్."

"ఏమవ్వా?"

"మొన్న ఓ పెద్ద మాట చెప్పినంక దమ్ము తీసుకున్నవ్. నిన్న మూడు మాటలకోసారి తీసుకున్నవ్. ఇయ్యాల రెండు మాటలు గూడ అంటలేవు."

మూడు రోజులుగా ఆమె నన్ను చూడకుండా, వింటూ ఉందన్నమాట. కూరలో, వంటలో, ఊడ్చడంలో మునిగి ఉందనుకున్నాను.

"లేదవ్వా, ఊకె నీరసం" అన్నాను. ఆ మూడు మాటలకే నడుమ ఒకసారి ఆగాల్సి వచ్చింది.

అవ్వ తోటకూర పక్కన పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, నా వెనుక మంచం మీద కూర్చుని, వీపు మీద రెండు అరచేతులూ ఆనించింది. ఆమె చేతులు తడిగా, గరుకుగా ఉన్నాయి. చేతులు తీయకుండా అలాగే ఉంది.

"గాలి తీసుకో."

తీసుకున్నాను.

"మల్ల తీసుకో." ఇంకాసేపయ్యాక, "ఈ దిక్కు లేస్తుంది. ఈ దిక్కు లేస్తలేదు" అంది. ఎడమ చెయ్యి మెల్లగా నొక్కింది. "బర్రె దూడకు పక్కల నిమ్ము చేరితే గిట్లనే ఒక దిక్కు కదలదు."

అవ్వ ముందుకు వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"బిడ్డా, దమ్మొస్తుందా?"

నాకు ఏడుపొచ్చింది. ఏడవడానికీ ఊపిరి చాలలేదు. తల ఊపాను.

"ఎన్నొద్దులసంది?"

"ఆరు... ఏడు రోజులు."

"మరి చెప్పలేవేందే?"

నేను ఆమె వైపు చూశాను. జవాబు చెప్పాలనుకోలేదు. కాని ఆమెకు జవాబు దొరికినట్టుంది. ఆమె కళ్లు నా ముఖం మీది నుంచి కిందికి దిగి నా చేతుల మీద ఆగాయి. తర్వాత వంటింటి వైపు తిరిగి, "ఓ ఆపమ్మా, మా అల్లునికి ఫోన్ కొట్టు. ఉన్నపళంగ రమ్మను" అని కేకేసింది.

మా ఆయన తడుస్తూనే వచ్చాడు. నన్ను చూసి, "వచ్చే వారం ఎట్లాగూ చూపియ్యాలె కదా, రేపు పొద్దున తీస్కపోదాం, వాన కొడుతుంది" అన్నాడు. అవ్వ ఎప్పుడూ అల్లుడితో నేరుగా మాట్లాడదు. ఏదన్నా ఉంటే నాతో చెప్పిస్తుంది, లేకపోతే గోడకు చెప్పినట్టు పక్కకు తిరిగి చెబుతుంది. ఆరోజు ఎదురుగా నిలబడింది.

"రేపు గాదు. ఇప్పుడే" అంది. "నేను ముప్పై ఏండ్ల కింద ఒక్కసారన్న దవాఖానకు తీస్కపోవాల్సింది. తీస్కపోలే. ఇగ నేనాగను. మీరు రాకుంటే నేనే ఆటోల ఏసుకోని పోత."

మా ఆయన ఆటో కోసం పరుగెత్తాడు.

డాక్టరు దగ్గర ఎప్పటిలాగే రద్దీగా ఉంది. బెంచీలు నిండి, జనం వరండాలో నిలబడ్డారు. చీటీలు రాసే మనిషి, వరుసలో రావాలమ్మా, మీకంటే ముందు చాలామంది ఉన్నారు అన్నాడు. మా ఆయన అతనికి ఏదో నచ్చజెప్పబోతుంటే, అవ్వ నా చెయ్యి పట్టుకుని అందరి మధ్యలోకి నడిపించింది.

"నా బిడ్డకు దమ్మొస్తుంది" అంది. చాలా గట్టిగా అంది. "గుండె ఆపరేషన్ అయింది. దమ్మొస్తుంది నా బిడ్డకు. జెర మమ్ముల లోపటికి పోనియ్యిండ్రి."

బెంచీ మీద నంగునూరు వైపు నుంచి వచ్చిన ముసలాయన ఒకడు లేచి నాకు చోటిచ్చాడు. "పోనియ్యవయ్యా, సూడు ఆమె పెదవులు" అన్నాడు చీటీల మనిషితో. నేను కూర్చున్నాను గాని అవ్వ గొంతే ఇంకా చెవుల్లో ఉంది. ఆ మాటను ఆమె నోట నేను ఎప్పుడూ వెక్కిరింపుగానే విన్నాను. ఇప్పుడు ఇంతమంది ముందు నా తరఫున చెబుతోంది. సంతోషం అని చెప్పలేను దాన్ని. ఎక్కడో చాలా లోపల నొప్పి పెట్టింది.

ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుగుకు పెట్టి చూపించాడు. కుడివైపు నల్లగా ఉంది. ఎడమవైపు కింద నుంచి సగం దాకా తెల్లగా ఉంది.

"ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది" అన్నాడు. "ఆపరేషన్ తర్వాత కొందరికి వస్తుంది. భయపడాల్సింది కాదు, తీసేస్తే తగ్గుతుంది. కాని ఇంకా ఆలస్యం చేస్తే ఇబ్బందయ్యేది. ఇన్ని రోజులు ఎందుకు ఆగారమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అవ్వ అంది. "నేనే ఆపిన సారూ."

డాక్టరుకు అర్థం కాలేదు. ఆమె వైపూ నా వైపూ చూసి, హైదరాబాదు ఆసుపత్రికి ఫోన్ చేయడానికి లేచాడు. మా ఆయన కూడా, అత్తమ్మ ఏమంటోందన్నట్టు నన్ను చూశాడు. ఇంటికి పోయాక చెబుతానన్నట్టు సైగ చేశాను. తర్వాత కూడా చెప్పలేదు.

అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని హైదరాబాదు పోయాం. దారి పొడుగునా నేను నిటారుగానే కూర్చున్నాను. అవ్వ పక్కన కూర్చుని, నా వీపు సీటుకు తగలకుండా తన చెయ్యి అడ్డం పెట్టింది. రక్తం పలుచబడే మాత్రలు వాడుతున్నాను కాబట్టి వెంటనే సూది వేయకూడదన్నారు. ఆ మాత్ర ఆపి, ముక్కుకు గాలి గొట్టం పెట్టి, రెండు రోజులు ఉంచారు. మూడో రోజు పొద్దున నన్ను మంచం అంచున కూర్చోబెట్టి, ముందున్న బల్ల మీద దిండు పెట్టి, దాని మీదికి వంగమన్నారు. వీపుకు మత్తు సూది. తర్వాత పెద్ద సూది. నొప్పి కంటే ఒత్తిడి ఎక్కువగా తెలిసింది. నర్సు కదలొద్దమ్మా, కదలొద్దమ్మా అంటోంది. అవ్వను బయటికి పొమ్మన్నారు. ఆమె తలుపు దగ్గరిదాకా పోయి అక్కడే నిలబడిపోయింది.

సీసాలోకి ఎర్రటి డికాక్షన్ లాంటి నీరు దిగింది. లీటరుకు పైగా వచ్చింది. చివర్లో ఆగకుండా దగ్గు వచ్చింది. ముడుచుకున్న ఊపిరితిత్తి విచ్చుకుంటోంది, దగ్గాలమ్మా, మంచిదే అన్నారు. దిండును కావలించుకుని దగ్గాను. కుట్లు పగిలిపోతాయేమో అనిపించింది. దగ్గు ఆగాక ఒక ఊపిరి తీసుకున్నాను. అది పక్కటెముకల చివరిదాకా పోయింది. అక్కడ ఆగింది. మళ్లీ తీసుకున్నాను, మళ్లీ పోయింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఊపిరి ఇంత లోతుకు పోయిన గుర్తు లేదు. మిగతావాళ్లందరూ ఇన్నేళ్లూ ఇలాగే పీలుస్తున్నారా అనుకున్నాను. వంగి నాట్లేసిన ఆ ఆడవాళ్లందరూ. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియని కోపం. చాలాసేపు దిండు మీద తల అలాగే పెట్టుకుని ఉన్నాను.

సిద్దిపేటకు తిరిగి వచ్చాక ఒకరోజు అవ్వ నా తల దువ్వుతూ మాట్లాడింది. నేను ఆమెకు వీపు పెట్టి కింద పీట మీద కూర్చున్నాను. ఆమె ముఖం నాకు కనిపించదు. బహుశా అందుకే మాట్లాడగలిగింది.

"మీ నాయిన పోయినంక ఆ ఊర్ల నాకు ఎవలున్నరు?" అంది. "బదులు రాకుంటే మన పొలం బీడు పడుడే. నువ్వు ఒడ్డు మీద కూసుంటే ఆల్లు నా మొకం సూసేటోల్లు. రేపు మన పొలంల గూడ ఆల్లు గట్లనే కూసుంటరని నాకు బుగులు. గందుకే ఒర్లేదాన్ని. నీ మీద కోపం గాదే."

"నాకు గూడ తెల్వదు కదవ్వా, జబ్బని" అన్నాను.

దువ్వెన ఆగింది. "నీకు తెల్వకుంటే ఏంది? తల్లికి తెల్వాలె" అంది.

నిజం చెప్పాలంటే, నీ తప్పేమీ లేదవ్వా అని ఆ క్షణంలో అనాలనిపించలేదు. అనాల్సిందేమో. పదేళ్ల బిడ్డతో, ఎకరంన్నర పొలంతో మిగిలిన మనిషికి ఏ గుండె డాక్టరు తెలుసు, ఏ స్కాన్ తెలుసు? అవన్నీ నాకు అర్థమవుతాయి. అయినా ఒడ్డు మీద కూర్చున్న ఆ పిల్ల కూడా నాకు గుర్తే. నేను చెయ్యి వెనక్కి పెట్టి ఆమె మోకాలి మీద ఆనించాను. మళ్లీ దువ్వడం మొదలుపెట్టింది. జడ చాలా బిగుతుగా వేసింది ఆరోజు.

దసరా దాకా ఉండి వెళ్లిపోయింది. పొలంలో నాట్లు ఆలస్యంగా, ఎడంగా వేశారట. పంట సగమే వచ్చింది. ఆ సంగతి ఆమె నాతో అనలేదు. పక్కింటివాళ్లు ఫోన్ చేసినప్పుడు తెలిసింది.

చలికాలం మొదట్లో నేను మళ్లీ కేంద్రానికి పోవడం మొదలుపెట్టాను. మా ఆయన దుకాణానికి పోతూ బండి మీద దింపేవాడు. ఆపా ఎంత వద్దన్నా మేడ మీదికి మారిపోయాం. పద్దెనిమిది మెట్లు ఒక్క ఊపులో ఎక్కలేను. పదో మెట్టు మీద ఆగుతాను. నీరు మళ్లీ చేరలేదు. కాని ముప్పై ఏళ్లు కష్టపడ్డ గుండె కొంత పెద్దదైపోయింది, కొద్దిపాటి ఆయాసం ఉండనే ఉంటుంది అని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఆగినప్పుడు ఆగానని చెబుతాను. కేంద్రంలో పిల్లలు చుట్టూ చేరితే, టీచరుకు దమ్మొస్తుంది, జెర ఆగుండ్రి అంటాను. వాళ్లు ఆగుతారు.

సంక్రాంతి దాటాక, యాసంగి నాట్లప్పుడు ఒకరోజు పొద్దున్నే అవ్వ చెప్పాపెట్టకుండా కేంద్రానికి వచ్చింది. పక్కన పన్నెండు, పదమూడేళ్ల అమ్మాయి. ఎండిన జుట్టు, బడి యూనిఫాం, కాళ్లకు చెప్పులు లేవు. ఎవరని అడిగాను. ఊళ్లో మా పక్క పొలం వాళ్ల బిడ్డట. సెలవు రోజు నాట్లకు వచ్చి రెండుసార్లు ఒడ్డెక్కి కూర్చుందట.

"వాళ్లమ్మను తీస్కపొమ్మంటే, కూలి పోతది, ఎట్ల పోవాలె అన్నది" అంది అవ్వ. "సరే నేను తీస్కపోత అన్న. బడి ఒక్క దినం పోతే ఏం గాదు. నీ గుండె డాక్టరు సారు దగ్గరికి నడువు."

ఆయాకు పిల్లల్ని అప్పజెప్పి వాళ్లతో పోయాను. ఆ అమ్మాయి దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఏ తప్పు చేస్తే తీసుకుపోతున్నారో తెలియనట్టు బిక్కచచ్చి నడిచింది. డాక్టరు గొట్టం పెట్టి విన్నాడు, కళ్ల కింది రెప్పలు లాగి చూశాడు. కీళ్ల నొప్పుల గురించి అడిగాడు. రక్తం తీయించాడు. అనుమానం వద్దని స్కాన్ కూడా తీయించాడు. మధ్యాహ్నానికి అన్నీ వచ్చాయి.

"గుండె బాగుందమ్మా" అన్నాడు. "రక్తం బాగా తక్కువుంది. మాత్రలు రాస్తున్నాను, మూడు నెలలు ఆపకుండా వేయాలి. తిండి మంచిగా పెట్టమనండి."

అవ్వ లేవలేదు. "మంచిగ సూసినవా సారూ? మల్లొక్కపారి పెట్టి సూడు" అంది.

"అమ్మా, స్కాన్ కూడా తీశాం కదా."

"తీసిన్రు. అయినా మల్లొక్కపారి."

డాక్టరు విసుక్కోలేదు. అమ్మాయిని మళ్లీ పిలిచి, ఛాతీ మీదా వీపు మీదా ఎక్కడెక్కడ పెట్టాలో అన్నిచోట్లా పెట్టి విన్నాడు. తల ఎత్తి, "ఏమీ లేదమ్మా. నిజంగానే ఏమీ లేదు" అన్నాడు. అవ్వ అప్పుడు చేతులెత్తి మొక్కింది. అమ్మాయి గట్టిగా అల్లుకున్న తన వేళ్లను విప్పుకుంది.

ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టాను. గుడ్డు పులుసుతో అమ్మాయి రెండుసార్లు పెట్టించుకుని తిన్నది. తింటూ తింటూ మొదటిసారి నోరు విప్పి, "నాకు దమ్మొచ్చుడు అబద్ధమా మరి?" అని అడిగింది.

నేను చెప్పేలోపే అవ్వ అంది. "అబద్ధం ఎట్లయితది? నీకు వస్తుంది కదా, వస్తే వచ్చినట్టే. రక్తం లేక వస్తుంది. గోలీలు మింగుతే పోతది. అప్పటిదాంక దమ్మొచ్చినప్పుడు ఒడ్డు మీద కూసో. ఎవలన్న ఏమన్న అంటే నా దగ్గరికి రమ్మను."

అమ్మాయి తల ఊపి మళ్లీ అన్నం కలుపుకుంది. మాత్రలు ఎప్పుడెప్పుడు వేయాలో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. అవ్వ దాన్ని మడిచి రొండిన దోపుకుంది. చదువు రాకపోయినా, మందు పొద్దున ఏది, సాయంత్రం ఏది అని నన్ను రెండుసార్లు అడిగి, వేళ్ల మీద లెక్కపెట్టి నాకే అప్పజెప్పింది.

పాత బస్టాండు దాకా నేనూ వచ్చాను. చిన్నకోడూరు బస్సు నిండిపోయి ఉంది. ఎవరో మనవరాలా అని అడిగితే అవ్వ అవునంది. కిటికీ పక్కన చోటు దొరకగానే అమ్మాయిని కూర్చోబెట్టి, తను కమ్మీ పట్టుకుని నిలబడింది. బస్సు కదిలి మలుపు తిరిగాక, అక్కడే ఉన్న సిమెంటు బల్ల మీద కాసేపు కూర్చుని, కేంద్రానికి నడిచాను. పిల్లలు అప్పటికి పడుకున్నారు.